చంద్రుడిపై కాసేపే నిలిచే వెలుగునీడల ఆకారాలు: సమయం ఎలా పట్టుకోవాలి, ఫొటో ఎలా తీయాలి

మీరు అడిగిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పి జవాబు మొదలుపెడతాను. మీ దగ్గర మోటారు లేని ఆరంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకునే పీఠంమీది అద్దపు) టెలిస్కోప్, ఒక చిన్న ప్లానెటరీ కెమెరా (టెలిస్కోప్‌కు తగిలించి వీడియో తీసేది) ఉన్నాయి. శుద్ధ అష్టమి నాటి చంద్రుడిపై ఎక్స్ అక్షరం ఆకారంలో మెరిసే వెలుగును ఎవరో తీసిన ఫొటోలో చూశారు. తర్వాతి నెల అష్టమి సాయంత్రం మీరూ ప్రయత్నిస్తే ఆ చోట మామూలు బిలాలే కనబడ్డాయి. అది ఎప్పుడు వస్తుందో ముందుగా తెలుసుకునే మార్గం ఏమిటి, ఎలా తీయాలి, ఇలాంటివి ఇంకా ఉన్నాయా, మోటారు లేకపోవడం అడ్డంకా, మొబైల్‌తో సాధ్యమేనా అన్నవి మీ సందేహాలు.

మీ పరికరాలలో లోపమేమీ లేదు. ఆరంగుళాల అద్దం ఈ పనికి చాలినంత పెద్దది. మీకు తప్పిపోయింది సమయం ఒక్కటే. ఈ ఆకారం చంద్రుడి నేలమీద ఎప్పుడూ ఉండే వస్తువు కాదు కాబట్టి, తిథిని బట్టి కాక గంటను బట్టి దాని కోసం వెతకాలి. అందుకే కెమెరా సంగతికి ముందు సమయం సంగతి వివరంగా చెబుతాను.

చంద్రుడి మీద ఒక పగలూ రాత్రీ కలిసి మన లెక్కలో సుమారు 29.5 రోజులు. అంటే సూర్యోదయం జరుగుతున్న గీత, దీన్నే టెర్మినేటర్ అంటాం, గంటకు అర డిగ్రీ చొప్పున పడమటికి జరుగుతూ ఉంటుంది. చంద్రుడి మధ్యరేఖ దగ్గర అది గంటకు సుమారు 15 కిలోమీటర్లు, అంటే మామూలుగా సైకిలు తొక్కే మనిషి వేగం. సూర్యబింబం వెడల్పు కూడా అర డిగ్రీయే కాబట్టి, అక్కడ సూర్యుడి పైఅంచు తొంగిచూసినప్పటి నుంచి బింబం పూర్తిగా పైకి రావడానికి గంట పైగా పడుతుంది. గాలి లేదు కనుక మన సంధ్యాకాశం లాంటిది అక్కడ ఉండదు. సూర్యుడు కనిపించే చోట వెలుగు, కనిపించని చోట నల్లటి చీకటి.

ఇప్పుడు ఎత్తుల సంగతి. చంద్రుడు చిన్న గోళం, వ్యాసార్ధం 1,737 కిలోమీటర్లు. అక్కడ ఒక కిలోమీటరు ఎత్తున్న గోడ పైఅంచు నుంచి చూస్తే దిగంతం దాదాపు రెండు డిగ్రీలు కిందికి ఉంటుంది. అందువల్ల చుట్టూ ఉన్న మైదానానికి సూర్యోదయం కావడానికి దాదాపు నాలుగు గంటల ముందే ఆ అంచుకు ఎండ తగులుతుంది. మూడు కిలోమీటర్ల ఎత్తైతే తేడా ఆరు గంటలు దాటుతుంది. మీరు ఫొటోలో చూసిన ఎక్స్‌కు మూలం ఈ నాలుగు గంటల తేడాయే. బ్లాంచినస్, లా కాయ్, పుర్బాక్ అనే మూడు బిలాల గోడలు ఒక చోట కలుస్తాయి. ఆ కలిసే చోటి ఎత్తైన అంచులకు ఎండ తగిలి, లోపలి నేలలు ఇంకా చీకట్లో ఉన్నంతసేపూ అంచులు మాత్రమే నాలుగు చేతులుగా మెరుస్తాయి. నేలకు ఎండ రాగానే ఆ నాలుగు చేతులూ చుట్టుపక్కల గోడల్లో కలిసిపోతాయి. గెలీలియో 1610లో ప్రచురించిన చిన్న గ్రంథంలో, వెలుగు సరిహద్దుకు అవతల చీకట్లో విడివిడిగా మెరిసే చుక్కలను గమనించి, వాటి దూరాన్ని బట్టి చంద్రుడి కొండల ఎత్తు లెక్కగట్టింది సరిగ్గా ఈ సూత్రంతోనే.

ఇక గంటను ఎలా కనుక్కోవాలో చూద్దాం. సూర్యోదయ రేఖ చంద్రుడి మీద ఏ రేఖాంశం దగ్గర ఉందో చెప్పే కొలతను కొలాంజిట్యూడ్ అంటారు. దాన్ని చంద్రబింబం మధ్య నుంచి పడమటికి కొలుస్తారు. శుద్ధ అష్టమి ప్రాంతంలో అది సుమారు సున్నా, పున్నమికి 90, బహుళ అష్టమికి 180, అమావాస్యకు 270 డిగ్రీలు. ఎక్స్ ఆకారం ఈ కొలత 358 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నిండుగా ఉంటుంది, అటూ ఇటూ ఒక్కొక్క డిగ్రీ మేర కనిపిస్తుంది. రెండు డిగ్రీలంటే నాలుగు గంటలు. వర్చువల్ మూన్ అట్లాస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తేదీ, గంట ఇస్తే కొలాంజిట్యూడ్ నేరుగా కనిపిస్తుంది. నాసా ఏటా విడుదల చేసే గంటగంటకూ చంద్రుడి చిత్రాలలో సూర్యుడు నడినెత్తిన ఉన్న చోటి రేఖాంశం ఉంటుంది. 90 నుంచి దాన్ని తీసేస్తే కొలాంజిట్యూడ్ వస్తుంది, కాబట్టి ఎక్స్ కోసం మీరు అక్కడ చూడవలసిన అంకె 92 డిగ్రీల తూర్పు. ఆ చిత్రాలలో సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది గనుక అయిదున్నర గంటలు కలుపుకోండి. నీడలను కూడా నిజమైన ఎత్తుల కొలతల ఆధారంగానే గీస్తారు కాబట్టి ఆ గంట బొమ్మలో ఎక్స్ జాడ కూడా మీకు తెలిసిపోతుంది.

పంచాంగం ఇక్కడ ఎందుకు చాలదో చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. చంద్రుడు సూర్యుడి నుంచి 84 డిగ్రీలు దూరమైనప్పటి నుంచి 96 డిగ్రీలు దూరమయ్యేదాకా శుద్ధ అష్టమి. ఖగోళ లెక్కల్లో అర్ధచంద్రుడు అనేది సరిగ్గా ఆ తిథి నడిమధ్యన, 90 డిగ్రీల దగ్గర వస్తుంది. అయితే చంద్రుడు మనవైపు ఒకే ముఖం చూపిస్తున్నా, ఆ ముఖాన్ని తూర్పు పడమరలుగా దాదాపు ఎనిమిది డిగ్రీల వరకు అటూ ఇటూ ఊపుతూ ఉంటాడు. ఈ లైబ్రేషన్ వల్ల, తిథి ఒకటే అయినా సూర్యోదయ రేఖ ఉండే రేఖాంశం నెలనెలా మారుతుంది. ఎనిమిది డిగ్రీలంటే పదహారు గంటలకు దగ్గర. అందుకే ఎక్స్ ఒక నెల సప్తమి చివర్లోనే వచ్చి వెళ్లిపోతుంది, ఇంకో నెల అష్టమి ముగిసే వేళకు గానీ రాదు. పైగా పంచాంగంలో ఆ రోజుకు రాసే తిథి సూర్యోదయానికి ఉన్నది కాబట్టి, అష్టమి అని ఉన్నా మీరు టెలిస్కోప్ బయట పెట్టేసరికి నవమి వచ్చేసి ఉండవచ్చు. మీ రెండో ప్రయత్నం ఇందుకే ఫలించలేదు.

ఇంకొక సూక్ష్మం ఉంది. చంద్రుడి మీద సూర్యుడు మధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల వరకు ఉత్తరానికీ దక్షిణానికీ ఒరుగుతాడు. చాలా చిన్న వంపే గానీ, ఎక్స్ ఉన్నది 25 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో కాబట్టి అక్కడి సూర్యోదయాన్ని అది గంటన్నర వరకు ముందుకో వెనక్కో జరుపుతుంది. సూర్యుడు దక్షిణానికి ఒరిగిన నెలల్లో ఎక్స్ లెక్కకన్నా ముందే మొదలవుతుంది. మధ్యరేఖకు కాస్త ఉత్తరాన, ఉకెర్ట్ బిలం దగ్గర, అదే సమయంలో వి అక్షరం ఆకారం ఒకటి కనిపిస్తుంది. దానిమీద ఈ వంపు ప్రభావం చాలా తక్కువ, అదీ ఎదురు దిశలో. అందుకే కొన్ని నెలల్లో రెండూ ఒకేసారి నిండుగా ఉంటాయి, కొన్ని నెలల్లో ఒకటి నిండే వేళకు రెండోది పలచబడుతుంది. రెండూ ఒకే ఫ్రేములో కావాలనుకుంటే లెక్కగట్టిన సమయానికి రెండు గంటల ముందే కూర్చోవడం మంచిది.

ఈ వెలుగు ఘటన భూమ్మీద అందరికీ ఒకే క్షణంలో జరుగుతుంది. మీరున్న ఊరు తేల్చేది ఒక్కటే, ఆ క్షణంలో చంద్రుడు మీకు ఆకాశంలో ఉన్నాడా లేడా అని. అష్టమి చంద్రుడు మధ్యాహ్నం ఉదయించి అర్ధరాత్రి ప్రాంతంలో అస్తమిస్తాడు కాబట్టి, ఏడాదిలో వచ్చే పన్నెండు పదమూడు ఎక్స్‌లలో మనకు చీకటి పడ్డాక దక్కేవి కొన్నే. మనకు తెల్లవారుజామున 5 గంటలకు వచ్చేది డాలస్‌లో ఉన్న మీ బంధువులకు వేసవి సమయం ప్రకారం ముందురోజు సాయంత్రం ఆరున్నరకు వస్తుంది. వారికి చెప్పి చూడమనవచ్చు. మనకు అన్నిటికన్నా అనుకూలమైన కాలం మాఘం నుంచి చైత్రం దాకా. ఆ నెలల్లో అష్టమి చంద్రుడు వృషభ, మిథున రాశుల ప్రాంతంలో ఉంటాడు. హైదరాబాదు, విజయవాడ అక్షాంశాలలో సూర్యాస్తమయానికి దాదాపు నడినెత్తిన నిలిచి, తర్వాత మూడు నాలుగు గంటలపాటు బాగా ఎత్తులోనే ఉంటాడు. ఆకాశమూ నిర్మలంగా ఉంటుంది. భాద్రపద, ఆశ్వయుజాల్లో మబ్బుల సంగతి అటుంచితే, అష్టమి చంద్రుడు దక్షిణాన కిందికి ఉంటాడు, చీకటి పడేసరికే వాలిపోతుంటాడు. ఆ నెలల్లో వచ్చే మంచి సమయాలను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

పగటి వెలుతురులో వచ్చే ఎక్స్‌లను మాత్రం వదులుకోకండి. సాయంత్రం నాలుగింటికి, అయిదింటికి నీలాకాశంలో చంద్రుడు కనిపిస్తూనే ఉంటాడు. ఎర్ర ఫిల్టర్ గానీ, ఇన్‌ఫ్రారెడ్‌ను మాత్రమే పంపే ఫిల్టర్ గానీ పెడితే నీలం బాగా నల్లబడుతుంది. అష్టమి చంద్రుడికి ఇంకొక సౌకర్యం కూడా ఉంది. ఆకాశపు నీలి వెలుగు సూర్యుడికి 90 డిగ్రీల దూరంలోనే అత్యధికంగా పోలరైజ్ అవుతుంది, చంద్రుడు ఆ రోజు ఉండేదీ సరిగ్గా అక్కడే. మామూలు పోలరైజింగ్ ఫిల్టర్‌ను మెల్లగా తిప్పుతూ చూడండి. ఒక స్థితిలో ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, చంద్రుడి అంచులు తేలివస్తాయి.

ఇప్పుడు టెలిస్కోప్ దగ్గరకు వద్దాం. అన్నిటికన్నా ముందు ఎక్స్ ఉన్న చోటును కనుక్కోవాలి. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి ఉత్తర దక్షిణాలతో తికమక పడకుండా నేల రూపాన్ని గుర్తుపెట్టుకోండి. సముద్రాలని పిలిచే నల్లటి నున్నని మైదానాలు ఎక్కువగా ఉన్నవైపు ఉత్తరం. బిలాలు ఒకదానిమీద ఒకటి కిక్కిరిసిన తెల్లటి నేల దక్షిణం. టెర్మినేటర్ మీద నడిమధ్య నుంచి దక్షిణపు కొసకు ఉన్న దూరంలో సగానికి కాస్త ఇవతల ఎక్స్ పుడుతుంది.

అది పుట్టే తీరు తెలిస్తే గుర్తించడం తేలిక. మొదట వెలుగు అంచుకు అవతల, పూర్తి చీకట్లో, అతి సన్నని చుక్క ఒకటి కనిపిస్తుంది. అది గోడలు కలిసే చోటు. సూర్యబింబంలో పైఅంచు మాత్రమే దానికి తగులుతున్నందువల్ల తొలుత అది బూడిదరంగులో, ఉందా లేదా అనిపించేలా ఉంటుంది. కొద్దిసేపటికి ఆ చుక్క పొడుగై గీత అవుతుంది, గీతకు పక్కగా ఇంకొక మొలక వస్తుంది. చేతులు నాలుగూ ఒకేసారి రావు. ఒకటి రెండు చేతులు విడివిడి ముక్కలుగా మెరిసి, తర్వాత నడిమికి అతుక్కుంటాయి. నాలుగూ కలిసి, చుట్టూ నల్లటి చీకటి ఇంకా మిగిలి ఉన్న గంటన్నరే ఈ దృశ్యంలో అసలైన భాగం. ఆ తర్వాత ఎక్స్ ప్రకాశం పెరుగుతూనే ఉంటుంది గానీ, వెనకనున్న నేల కూడా వెలగడం మొదలుపెట్టి ఆకారం పలచబడుతుంది. చాలా ఫొటోలు ఈ చివరి దశలోనివే, ఎందుకంటే అప్పుడు తీయడం సులువు. మీరు ముందరి దశను పట్టుకోండి.

దానికి ఎక్స్‌పోజర్ సంగతి తెలియాలి. అర్ధచంద్రుడి వెలుగు అంచు చాలా ప్రకాశంగా ఉంటుంది, టెర్మినేటర్ దగ్గరికి వచ్చేకొద్దీ తగ్గుతూ సున్నాకు చేరుతుంది. కెమెరా తనంతట తానుగా లెక్కవేసే ఎక్స్‌పోజర్ ప్రకాశవంతమైన సగానికి సరిపోతుంది, ఎక్స్‌కు సరిపోదు. చంద్రుడి అంచు చక్కగా కనిపించే ఎక్స్‌పోజర్‌కు నాలుగు రెట్లతో మొదలుపెట్టండి. డీఎస్ఎల్ఆర్ వాడేవారికి అంకెల్లో చెప్పాలంటే, ఎఫ్/10 దగ్గర ఐఎస్ఓ 400తో అర్ధచంద్రుడికి సెకనులో వందో వంతు సరిపోతే, ఎక్స్‌కు ముప్పయ్యో వంతు నుంచి ఇరవై అయిదో వంతు దాకా కావాలి. అవతలి అంచు తెల్లగా కాలిపోయినట్టు వచ్చినా పట్టించుకోకండి. మొత్తం చంద్రుడు, ఎక్స్ రెండూ ఒకే చిత్రంలో కావాలంటే రెండు ఎక్స్‌పోజర్లు తీసి కలపవచ్చు గానీ, కలిపినట్టు ఆ చిత్రం కింద రాయడం మర్యాద.

మీ టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్ 1,200 మిల్లీమీటర్లు, కెమెరా పిక్సెల్ 2.9 మైక్రాన్లు అనుకుని చెబుతున్నాను, మీ పరికరాల తరగతిలో ఇవే మామూలు అంకెలు. బొమ్మను పెద్దది చేసే బార్లో లెన్స్ లేకుండా ఒక్కో పిక్సెల్‌కు అర ఆర్క్ సెకను (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వస్తుంది. చంద్రుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే 1.9 కిలోమీటర్లకు కాస్త తక్కువ, కాబట్టి పిక్సెల్‌కు దాదాపు ఒక కిలోమీటరు. ఎక్స్‌కు ఇది చాలు. రెండు రెట్ల బార్లో పెడితే పిక్సెల్‌కు పావు ఆర్క్ సెకను వచ్చి, ఎఫ్/16 అవుతుంది. ఎఫ్ నిష్పత్తి, అంటే ఫోకల్ లెంగ్త్‌ను అద్దం వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, మైక్రాన్లలో పిక్సెల్ సైజుకు అయిదు రెట్లు ఉండాలనే సూత్రానికి అది దాదాపు సరిపోతుంది, మీ అద్దం చూపగలిగిన సూక్ష్మ వివరమంతా అక్కడ దొరుకుతుంది. అయినా మొదటిసారి బార్లో లేకుండానే తీయమంటాను, కారణం మోటారు.

మోటారు లేని టెలిస్కోప్‌లో చంద్రుడు సెకనుకు దాదాపు 15 ఆర్క్ సెకన్ల చొప్పున ఫ్రేములోంచి జారిపోతాడు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న సెన్సర్‌తో, బార్లో లేకుండా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చేరడానికి నిమిషం పడుతుంది. బార్లో పెడితే అరనిమిషమే. కెమెరాను ఫోకసర్‌లో తిప్పి, దాని పొడవాటి అంచు చంద్రుడు జారే దిశలో ఉండేలా అమర్చుకోండి. ఎక్స్‌ను ఫ్రేముకు ఒక చివర పెట్టి, టెలిస్కోప్ మీంచి చేతులు తీసి, కదలికలు ఆగాక రికార్డింగ్ మొదలుపెట్టి, అది రెండో చివరకు చేరేలోపు ఆపండి. మళ్లీ అదే పని. షటర్ వేగం సెకనులో అరవయ్యో వంతు కన్నా నెమ్మది కాకూడదు. అంతకు మించితే ఒక్క ఫ్రేములోనే బొమ్మ సాగుతుంది. వెలుగు చాలకపోతే గెయిన్ (కెమెరా వెలుగును పెంచి చూపే అమరిక) పెంచండి. ఒక్కో ఫ్రేములో గరుకుదనం కనిపించినా, వందల ఫ్రేములను కలిపినప్పుడు అది పోతుంది. పిప్ అనే ఉచిత ప్రోగ్రామ్ జారిపోయే బొమ్మను ప్రతి ఫ్రేములోనూ మధ్యకు తెచ్చిపెడుతుంది, ఆ తర్వాత ఆటోస్టాకర్ట్‌లో మంచి ఫ్రేములను ఎంచి కలపవచ్చు. మోటారు ఉన్నవారు నక్షత్రాల వేగాన్ని కాకుండా చంద్రుడి వేగాన్ని ఎంచుకోవాలి. నక్షత్రాలతో పోలిస్తే చంద్రుడు సెకనుకు అర ఆర్క్ సెకను చొప్పున వెనకబడుతుంటాడు.

ఒక వీడియో ఎంతసేపు తీయవచ్చన్నది మీరు అడగలేదు గానీ, ఈ పనిలో అది కీలకం. సూర్యోదయ రేఖ నిమిషానికి పావు కిలోమీటరు జరుగుతుంది. అయిదు నిమిషాల్లో అది కిలోమీటరుంపావు, అంటే ఆరంగుళాల అద్దం విడదీయగల అతి చిన్న వివరంతో దాదాపు సమానం. అంతకన్నా ఎక్కువసేపు తీసిన వీడియోను ఒకటిగా కలిపితే నీడల అంచులు అలుక్కుపోతాయి, ఆ తప్పు వాతావరణానిదని అనుకుంటాం. ఎక్స్‌కు రెండు మూడు నిమిషాలు నిరపాయం.

ప్లేటో బిలం విషయంలో అంత వ్యవధి కూడా ఉండదు. దాదాపు వంద కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలం నేల దాదాపు నున్నటి లావా మైదానం. దాని తూర్పు గోడమీద రెండు కిలోమీటర్ల ఎత్తున్న శిఖరాలున్నాయి. నవమి ప్రాంతంలో అక్కడ సూర్యుడు ఒక డిగ్రీ ఎత్తుకు వచ్చినప్పుడు ఆ శిఖరాల నీడలు కోసుగా సాగి నేలనంతా దాటి అవతలి గోడను తాకుతాయి. ఆ దశలో నీడ కొస వెనక్కి తగ్గే వేగం నిమిషానికి అర కిలోమీటరు పైనే. సూర్యుడు మూడు డిగ్రీలు ఎక్కేసరికి అదే నీడ చాలా నిదానిస్తుంది. అంటే మొదటి గంటలో చిన్న చిన్న వీడియోలు, తర్వాత పెద్దవి. టెలిస్కోప్ దగ్గర కూర్చుని, గంట వ్యవధిలో ఒక నీడ కొస గుర్తుపట్టేంతగా వెనక్కి వెళ్లడం కళ్లతో చూడగలిగే చోటు చంద్రుడి మీద దీన్ని మించినది నాకు తెలియదు.

ఇలాంటివి ఇంకేమున్నాయని అడిగారు కాబట్టి, నాకు ఎక్స్ కన్నా ఎక్కువ ఇష్టమైన దాని గురించి చెబుతాను. హెసియోడస్ అనేది 43 కిలోమీటర్ల బిలం, దానికి తూర్పున ఆనుకుని పెద్దదైన పిటాటస్ ఉంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గోడలో ఒక గండి ఉంది. కొలాంజిట్యూడ్ 16 నుంచి 19 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, అంటే నవమి, దశమి ప్రాంతంలో, హెసియోడస్ నేలంతా చీకట్లో ఉండగా ఆ గండిలోంచి సూర్యకాంతి ఒకే ఒక చారగా లోపలికి ప్రవేశించి, అవతలి గోడవైపు పోయేకొద్దీ విచ్చుకుంటూ పరుచుకుంటుంది. దీన్ని తీసేటప్పుడు ఒక విషయం గమనించండి. మొదట్లో గండిలోంచి సూర్యబింబంలో చిన్న ముక్క మాత్రమే తొంగిచూస్తుంది కాబట్టి చార చాలా మసకగా ఉంటుంది. ఎక్స్‌కు వాడిన ఎక్స్‌పోజర్‌తో అది కనబడదు, రెట్టింపు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కావాలి. చార అంచులు కూడా కత్తిరించినట్టు ఉండవు, మెల్లగా చీకట్లో కలుస్తాయి. సూర్యుడు చుక్క కాదు, వెడల్పున్న బింబం కాబట్టి అది సహజం. ఫొటోను పదును చేసే దశలో చాలామంది ఈ మెత్తని అంచునే చెరిపేస్తారు. మీరలా చేయకండి. పక్కనే హెసియోడస్ ఏ అనే చిన్న బిలం లోపల మరో వలయంతో ఉంటుంది. మోటారు ఉండి బార్లో వాడేవారు, దానికి కూడా ఎండ వచ్చాక ఆ జంట వలయాన్ని తప్పక చూడాలి.

దశమి, ఏకాదశి రాత్రుల్లో ఇంద్రధనుస్సుల అఖాతం, అంటే సైనస్ ఇరిడమ్, చీకట్లో ఉండగా దాన్ని చుట్టుకున్న జురా పర్వతాలు మాత్రం వెలిగి, చీకటిలోకి పొడుచుకొచ్చిన బంగారు కడియం సగం ముక్కలా కనిపిస్తాయి. కొలాంజిట్యూడ్ 25 నుంచి 30 మధ్య చూడండి. దీనికి టెలిస్కోప్ కూడా అక్కరలేదు, స్టాండు మీద పెట్టిన మంచి బైనాక్యులర్ చాలు. ముక్కోటి ఏకాదశి వచ్చే చలికాలంలో ఆ తిథి చంద్రుడు బాగా ఎత్తులో ఉంటాడు, జాగారం చేసేవారికి చూపించడానికి ఇంతకన్నా మంచిది లేదు.

రుపెస్ రెక్టా అనే నిలువు గట్టు మరో తరహా. 110 కిలోమీటర్ల పొడవున్న ఈ గట్టు పడమటికి దిగుతుంది. శుద్ధ నవమి ప్రాంతంలో ఎండ తూర్పు నుంచి రావడం వల్ల దాని నీడ నల్లటి సరళరేఖగా పడుతుంది. బహుళ అష్టమి ప్రాంతపు తెల్లవారుజామున అదే గట్టు ముఖంమీద ఎండ నేరుగా పడి తెల్లటి రేఖ అవుతుంది. ఒకే పరికరంతో ఆ రెండింటినీ తీసి పక్కపక్కన పెట్టడం పిల్లలకు ఖగోళశాస్త్రం చెప్పేవారికి చాలా ఉపయోగపడుతుంది. ఎత్తు కొన్ని వందల మీటర్లే అయినా నీడ కొండంత గోడను తలపిస్తుంది. ఎండ ఒక డిగ్రీ ఎత్తులో ఉన్నప్పుడు నీడ అసలు ఎత్తుకు 57 రెట్లు ఉంటుంది మరి.

నీడలు ఎంతగా నమ్మిస్తాయో చెప్పే ఉదంతం ఒకటుంది. 1953 జులై 29న న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక సైన్స్ ఎడిటర్ జాన్ ఓనీల్, మారే క్రిసియమ్ అనే నల్లటి మైదానం పడమటి ఒడ్డున రెండు కొండకొమ్ముల మధ్య పెద్ద సహజ వంతెనను చూశానని ప్రకటించాడు. కొందరు అనుభవజ్ఞులైన పరిశీలకులు కూడా ఆయనను సమర్థించారు. అక్కడ అస్తమిస్తున్న సూర్యుడి కింద నీడలు అలా కలిసి కనిపించాయి తప్ప వంతెనేమీ లేదు. అందుకే ఏ ఆకారాన్ని తీసినా, తీసిన సమయాన్ని నిమిషంతో సహా రాసుకోండి. ఒకే ఫొటో ఏమీ రుజువు చేయదు. అదే చోటును పది, పదిహేను నిమిషాల వ్యవధిలో వరుసగా తీస్తే నీడ ఎక్కడ మొదలై ఎటు పోతోందో ఎవరికైనా తెలిసిపోతుంది.

ఆకాశం నిలకడ గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. పగలంతా కాగిన సిమెంటు డాబామీది కన్నా మట్టినేల మీద బొమ్మ నిలకడగా ఉంటుంది. టెలిస్కోప్‌ను గంట ముందు బయట పెట్టాలి. ఎర్ర ఫిల్టర్ చీకటి పడ్డాక కూడా ఉంచుకోండి, పొడవైన తరంగాల వెలుగు గాలి కదలికలకు తక్కువ చెదురుతుంది. ఆరంగుళాల అద్దానికి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ మాత్రం రాత్రివేళ సిఫారసు చేయను. నిలకడ పెరిగినా సూక్ష్మ వివరం తగ్గుతుంది.

వీడియోలను కలిపాక పదును పెట్టడంలో నిగ్రహం అవసరం. వేవ్‌లెట్ స్లైడర్‌ను అతిగా జరిపితే మొదట దెబ్బతినేది టెర్మినేటర్ దగ్గరి నీడలే. ప్రతి వెలుగు గీత పక్కనా లేని నల్లగీత ఒకటి పుడుతుంది, ఎక్స్ చేతులు జంట గీతలవుతాయి. చిత్రాన్ని రెండు రెట్లు పెద్దది చేసి చూడండి. చీకటిలో ఉన్న ఒంటరి చుక్కల చుట్టూ వలయం కనిపిస్తే వెనక్కి తగ్గండి. నలుపును కూడా పూర్తిగా అడుక్కు నొక్కకండి, అప్పుడప్పుడే ఎండ తగులుతున్న వాలులన్నీ ఆ ముదురు బూడిదరంగులోనే ఉంటాయి. వరుస చిత్రాలను కదిలే బొమ్మగా కూర్చాలనుకుంటే అన్నిటికీ ఒకే ఎక్స్‌పోజర్, ఒకే పదును ఉంచండి. లేకపోతే వెలుగు పెరగడం సూర్యుడి వల్లనో మీ స్లైడర్ వల్లనో చూసేవారికి తెలియదు. డాబ్సోనియన్‌లో గంటలు గడిచేకొద్దీ బొమ్మ మెల్లగా తిరుగుతుంది కూడా, కాబట్టి కూర్చే ముందు ప్రతి చిత్రాన్నీ ఒకే దిశకు తిప్పుకోవాలి.

చివరిగా మొబైల్ సంగతి. ఎక్స్‌కు, జురా పర్వతాలకు మొబైల్ చాలు. హెసియోడస్ కిరణానికి కష్టం. 20 లేదా 25 మిల్లీమీటర్ల ఐపీస్ మీద, మూడువైపులా స్క్రూలున్న అడాప్టర్‌తో ఫోన్‌ను గట్టిగా బిగించండి. చేత్తో పట్టుకుని తీస్తే వచ్చేవి వృథా ఫ్రేములే. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే ఫోకస్‌ను అనంతానికి కట్టేసి, ఐఎస్ఓను మధ్యస్థంగా ఉంచి, ఎక్స్ చేతులు కనిపించేదాకా షటర్‌ను నెమ్మది చేయండి. ప్రో మోడ్ లేకపోతే తెరమీద టెర్మినేటర్‌ను వేలితో నొక్కిపట్టి ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి. రాత్రి మోడ్‌ను, చంద్రుడిని గుర్తుపట్టి తనంతట వివరాలు చేర్చే సౌకర్యాన్ని ఆపేయండి, ఎందుకంటే ఆ క్షణపు నీడలకు అది తన దగ్గరున్న వేరే వెలుగులోని నేలను జోడించవచ్చు. ఫొటోకు బదులు 4కె వీడియో తీసుకుంటే, దాన్ని కూడా పిప్, ఆటోస్టాకర్ట్‌లలో కెమెరా వీడియోలాగే కలపవచ్చు. మీ ఊరి పేరు, రాబోయే రెండు నెలల్లో మీకు వీలైన సాయంత్రాలు చెప్పండి, కొలాంజిట్యూడ్ చూసి ఏ రోజు ఏ గంటకు సిద్ధంగా ఉండాలో లెక్కగట్టి చెబుతాను.